నలుగురిలో నేనెందుకు లేను?

(ఏలూరులో మహిళా సంఘాల కార్యకర్తలు, కళాశాల విద్యార్థినులు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో ఈతపోటీల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకావిడ నవ్వారు. "కట్నం చావులున్నాయి, కూలి రేట్లున్నాయి, ఇళ్లల్లో తన్నులున్నాయి. ఇవన్నీ ఉండగా ఈతేమిటండీ?" అన్నారు. ఆవిడ నవ్వులో తప్పులేదు. ఆటలంటే తీరిక ఉన్నవాళ్ల వ్యవహారమనే మనమంతా అనుకుంటూ వచ్చాం. కానీ ఒక ఆడపిల్లని ఒక జట్టులోకి తీసుకోవడం, తీసుకోకపోవడం అనే చిన్న విషయం దగ్గర మన సమాజం ఆడదాని నోటి గురించి ఏమనుకుంటోందో పూర్తిగా బయటపడుతుంది. అందుకని ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు మన నీళ్ల గురించి ఒకమాట. ఈ చుట్టుపక్కల నీళ్లకి కరువు లేదు. గూడెం మీదుగా వచ్చే ఏలూరు కాలువ ఉంది. తమ్మిలేరు ఉంది. అన్నిటికీ కింద కొల్లేరుంది. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడినేలల జాబితాలో చేర్చారు. పక్షులకి ఇంత గుర్తింపు వచ్చిన ఈ సరస్సులో, నడుంలోతు నీళ్లలో నిలబడి పనిచేసే ఆడవాళ్ల లెక్క ఎవరూ రాసుకోలేదు. లంక గ్రామాల్లో తిరిగినప్పుడు నేను అడిగే ప్రశ్నల్లో ఒకటి "ఈత వచ్చా?" అనేది. చిన్నప్పుడు వచ్చు అని చాలామంది చెప్పారు. పెద్దమనిషి అయ్యాక నీళ్లలోకి దిగనివ్వలేదని చెప్పారు. తడిసిన బట్టలు, గట్టు మీద మగపిల్లలు, "నలుగురూ ఏమనుకుంటారు" అనే మాట. తమ్ముడి ఈత మాత్రం ఆగలేదు. అదే నీళ్లు, అదే ఇల్లు. పనికోసం దిగితే తప్పుకాని నీళ్లు సరదాకి దిగితే తప్పయిపోయాయి.

అలాంటి ఊళ్లోంచి ఈతపోటీలదాకా వెళ్లిన ఒక పిల్ల నాకు తెలుసు. పేరు చెప్పను, ఊరు చెప్పను. దోనె మీద నుంచి దూకి దూకి నేర్చుకున్న ఈత. ఒక డ్రిల్లు టీచరమ్మ చూసి, వాళ్లమ్మని ఒప్పించి, జట్టు ఎంపికకని వేరే ఊళ్లో స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లింది. ఆరుగురు పిల్లలు ఈదారు. నలుగురిని రిలేకి తీసుకోవాలి. తను మూడో స్థానంలో గోడ తాకానని ఆ పిల్ల లెక్క. ఒకాయన స్టాప్‌వాచ్ చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు, పైకి చదవలేదు. మర్నాడు గోడకి నాలుగు పేర్లు అంటించారు. ఈ పిల్ల పేరు లేదు.

పిల్ల వెళ్లి అడిగింది. "సార్, నా టైమ్ ఎంత? మిగతావాళ్ల టైమ్ ఎంత? ఆ కాగితం ఒకసారి చూపిస్తారా?" అంతే. ఏడవలేదు, తిట్టలేదు. దానికి వచ్చిన జవాబు: "నీకు నోరెక్కువే అమ్మా. ముందు క్రమశిక్షణ నేర్చుకో." మరుసటి ఏడు శిక్షణ శిబిరానికి కబురు కూడా పెట్టలేదు. తండ్రి, "ఎందుకొచ్చిన గొడవ, నలుగురిలో నోరెత్తకు" అన్నాడట. ఆ జట్టులో ఉండుంటే ఒక సర్టిఫికెట్ వచ్చేది. స్పోర్ట్స్ కోటాలో సీటుకి దరఖాస్తు పెట్టుకునేది. సరదాకి ఈదే పిల్లకి అది కాగితం ముక్క. లంక గ్రామం నుంచి చదువుకోవాలనుకున్న పిల్లకి అది దారి.

కొన్నాళ్లకి, తీసుకున్న ఆ నలుగురిలో నాలుగో పిల్లతో కూడా మాట్లాడాను. ఆ పిల్లకి ఏమీ తెలియదు. నిజంగా బాగా ఈదిందేమో కూడా, కాగితం చూడలేదు కాబట్టి నేను చెప్పలేను. కానీ "వీళ్ల నాన్న చేత చెప్పించుకుంది" అని తోటి పిల్లలు అనేవాళ్లట. రెండేళ్లు విని విని ఆ పిల్ల కూడా ఈత మానేసింది. ఒక కాగితం దాచిపెట్టి ఇద్దరు ఆడపిల్లల్ని నీళ్లలోంచి బయటికి పంపారు. నా ఈ ప్రసంగమంతా ఆ కాగితం గురించే.

రిలేలో ఎంపిక ఎలా జరుగుతుంది?

వంద మీటర్ల పోటీలో వివాదానికి చోటు తక్కువ. ఎవరు ముందు గోడ తాకితే వాళ్లు గెలిచినట్టు. రిలే అలా కాదు. నలుగురు కలిసి ఒక్క పోటీ. మొదటి పిల్ల సంకేతం విని దూకుతుంది. మిగతా ముగ్గురూ, ముందు వంతు ఈదినవాళ్లు గోడ తాకబోతుండగానే ఒళ్లు ముందుకి వంచి ఊపు తెచ్చుకోవచ్చు. కానీ గోడ తాకేలోపల కాళ్లు దిమ్మ వదలకూడదు. వదిలితే జట్టు మొత్తం పోటీలోంచి పోతుంది. అందుకని రిలేలో వంతు ఈదడానికి పట్టిన సమయం, ఒంటరిగా ఈదిన సమయం ఒకటి కావు. ఒంటరిగా వేగంగా ఈదే పిల్ల మార్పు దగ్గర తడబడొచ్చు. నిదానంగా కనిపించే పిల్ల వెనక పడిన జట్టుని లాక్కురావచ్చు. పైగా పొద్దున హీట్స్‌లో ఒక నలుగురిని ఈదించి, సాయంత్రం ఫైనల్‌కి వేరే నలుగురిని దించే పద్ధతి కూడా ఉంది. అలసిన వాళ్లకి విశ్రాంతి ఇవ్వడానికి.

అంటే ఇక్కడ గడియారం కొంతవరకే చెబుతుంది. ఆ తర్వాత మనుషులు నిర్ణయిస్తారు. మనుషులు నిర్ణయించే చోట అధికారం ఉంటుంది. అధికారం ఉన్నచోట కులం, డబ్బు, పరిచయాలు, ఎవరు వినయంగా ఉంటారు, ఎవరు ఎదురుచెబుతారు అనేవన్నీ వచ్చి చేరతాయి. శిక్షకుడి అంచనాకి విలువ లేదని నేను అనడం లేదు. ఆ అంచనా ఏమిటో చెప్పాల్సిన బాధ్యత ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఇద్దరు నలుగురు కాలేకపోయిన కథ

ఈ కథ కొత్తది కాదు. ఒలింపిక్స్‌లో స్త్రీలకి ఈతపోటీలు మొదటిసారి పెట్టింది 1912లో, స్టాక్‌హోమ్‌లో. రెండే పోటీలు: వంద మీటర్ల ఫ్రీస్టైల్, నలుగురి రిలే. ఆస్ట్రేలియాలో అప్పటికి గొప్ప ఈతగత్తెలు ఇద్దరున్నారు, ఫానీ డురాక్, మీనా వైలీ. వాళ్లని పంపడానికి మగవాళ్ల సంఘాలు ఖర్చు దండగన్నాయి. విచిత్రమేమిటంటే, స్త్రీల ఈత సంఘం అధ్యక్షురాలు రోజ్ స్కాట్ కూడా వద్దన్నారు. ఆవిడ మామూలు మనిషి కాదు, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన నాయకురాలు. మగవాళ్లు చూస్తుండగా ఆడపిల్లలు ఈదకూడదని ఆ సంఘం నియమం. పిల్లల్ని మగచూపుల నుంచి కాపాడాలని ఆవిడ ఉద్దేశం. సంఘంలో సభ్యులు ఓటువేసి ఆ నియమం మార్చారు, ఆవిడ రాజీనామా చేశారు. చందాలు వసూలు చేసుకుని పిల్లలిద్దరూ వెళ్లారు. డురాక్‌కి స్వర్ణం, వైలీకి రజతం వచ్చాయి.

రోజ్ స్కాట్ కథ మన సంఘాలవాళ్లం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. కాపాడటం పేరుతో ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెట్టే పని మనం కూడా చేస్తుంటాం. చూపులు తప్పయితే చూసేవాళ్లని సరిచెయ్యాలి గాని ఈదేవాళ్లని గట్టెక్కించకూడదు.

అక్కడే ఇంకో సంగతి జరిగింది. రిలేకి నలుగురు కావాలి, వీళ్లు ఇద్దరే. "మేమిద్దరం చెరి రెండు వంతులు ఈదుతాం" అని అడిగారు. ఒప్పుకోలేదు. నియమం నియమమే, నేను తప్పుపట్టను. కానీ అందులో ఒక సత్యముంది. ఒక్క పతకం తేవడానికి ఒక్క అద్భుతమైన పిల్ల చాలు. రిలేకి చాలదు. రిలే అంటే ఒక సమాజం ఎంతమంది ఆడపిల్లల్ని నీళ్లలోకి దిగనిచ్చిందో చెప్పే లెక్క. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిన ఈతగత్తెలు కూడా ఇద్దరే, ఆరతి సాహా, డాలీ నజీర్. ఆ ఆరతి సాహాయే 1959లో ఇంగ్లిష్ ఛానల్ ఈదిన మొదటి ఆసియా మహిళ అయింది. ఒంటరిగా సముద్రం ఈదిన పిల్లలు మనకున్నారు. పక్కన మరో ముగ్గుర్ని నిలబెట్టడమే మనకి కష్టమైంది.

అడిగినవాళ్లదే ఎప్పుడూ న్యాయమా?

ఇక్కడ నేను నిజాయితీగా ఒకమాట చెప్పాలి. ప్రశ్నించిన ప్రతి స్త్రీ చెప్పిందల్లా నిజమని నేను అనను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ చూడండి. ఆస్ట్రేలియా రిలే జట్టులో శాండ్రా మోర్గాన్ అనే 14 ఏళ్ల పిల్లని తీసుకున్నారు. అంతకుముందు పోటీల్లో ఆ పిల్ల తొందరపడి ముందే దూకేసిన సందర్భాలున్నాయి. జట్టులో పెద్ద పేరున్న డాన్ ఫ్రేజర్, లొరెయిన్ క్రాప్ అధికారుల దగ్గరికి వెళ్లి, ఆ పిల్ల బదులు మార్గరెట్ గిబ్సన్‌ని పెట్టమన్నారు. అధికారులు వినలేదు. ఫ్రేజర్, ఫెయిత్ లీచ్, మోర్గాన్, క్రాప్, ఈ వరసలో ఈదారు. మూడో వంతులో అమెరికా పిల్ల దాటేసినా మోర్గాన్ మళ్లీ అందుకుంది. 4 నిమిషాల 17.1 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం వచ్చింది.

అంటే అడిగినవాళ్ల అంచనా తప్పింది. అయితే అడగడం తప్పా? కాదు. వాళ్లు అడిగారు, అధికారులు విన్నారు, తమ నిర్ణయం తాము నిలబెట్టుకున్నారు, ఎవరినీ ఇంటికి పంపలేదు. మనం కోరాల్సింది కూడా ఇంతే. మనం అడిగిందల్లా జరగాలని కాదు. అడిగినందుకు శిక్ష ఉండకూడదని. అలాగే ఆ 14 ఏళ్ల పిల్ల వైపు నుంచి కూడా ఆలోచించండి. తోటివాళ్లే తనని వద్దన్నారని తెలిసి దిమ్మ మీద నిలబడటం ఎంత భారమో! కారణం బాహాటంగా చెప్పివుంటే ఆ భారంలో సగమైనా తగ్గేది. మన కొల్లేటి కథలో ఆ నాలుగో పిల్ల సంగతీ అదే.

అదే ఫ్రేజర్ నాలుగేళ్ల తర్వాత రోమ్‌లో వంద మీటర్ల స్వర్ణం గెలిచింది. స్త్రీల మెడ్లే రిలే ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాదే. గెలిచిన మర్నాడు తనకి పోటీ లేదనుకుని ఉంటే, హఠాత్తుగా ఆ రిలే హీట్స్‌లో బటర్‌ఫ్లై వంతు ఈదమన్నారు. ఈదనంది. జట్టులో గొడవయింది, తోటి పిల్లలే ఆవిడతో మాట మానేశారు. 1964లో టోక్యోలో వరసగా మూడో ఒలింపిక్స్‌లో కూడా అదే పోటీ గెలిచింది. ప్రారంభ ఊరేగింపులో నడవొద్దంటే నడిచింది, ఇచ్చిన ఈతదుస్తులు కాక తన దుస్తులే వేసుకుంది, జెండా దొంగతనం కేసులో పోలీసుల దాకా వెళ్లింది. 1965లో ఆస్ట్రేలియా ఈత సంఘం ఆవిడని 10 ఏళ్లు నిషేధించింది. ఆవిడతోపాటు మరో ముగ్గురు ఈతగత్తెల మీద కూడా నిషేధం పెట్టింది. ఆ ముగ్గురిలో లిండా మెక్‌గిల్ అదే ఏడాది ఇంగ్లిష్ ఛానల్ ఈది చూపించింది. ఫ్రేజర్ మీద నిషేధం 1968లో ఎత్తేశారు. అప్పటికి ఒలింపిక్స్ ముంచుకొచ్చాయి, సిద్ధమయ్యే వ్యవధి లేదు. జెండా సంగతిలో మందలింపు న్యాయమే అనుకుందాం. ఊరేగింపులో నడిచినదానికీ, నచ్చిన దుస్తులు వేసుకున్నదానికీ పదేళ్లా?

ఫ్రేజర్‌ని నేను దేవతని చెయ్యడం లేదు. ఆవిడే 2015లో వలసవచ్చిన కుటుంబాల టెన్నిస్ ఆటగాళ్లని మీ తల్లిదండ్రులు వచ్చిన చోటికి పొమ్మన్న ధోరణిలో మాట్లాడి, క్షమాపణ చెప్పుకుంది. నోరున్నంత మాత్రాన న్యాయం మన వైపున్నట్టు కాదు. కానీ న్యాయం బయటికి రావాలంటే ముందు నోరుండాలి కదా.

నిజం చెప్పినందుకు "మొండి మొహం"

1976లో మాంట్రియల్‌లో తూర్పు జర్మనీ స్త్రీలు 13 ఈతపోటీల్లో 11 గెలిచారు. వాళ్ల కండలూ గొంతులూ మందుల ప్రభావమని బాహాటంగా అన్న మనిషి అమెరికా అమ్మాయి షర్లీ బాబాషాఫ్. పత్రికలు ఆవిడకి "సర్లీ షర్లీ" అని పేరుపెట్టాయి, మొహం ముడుచుకునే షర్లీ అన్నట్టు. ఓడిపోయినదాని ఏడుపు అన్నారు. ఆ ఒలింపిక్స్‌లో ఆవిడకి నాలుగు రజతాలు. ఒకే ఒక్క స్వర్ణం వచ్చింది రిలేలోనే. కిమ్ పేటన్, వెండీ బోగ్లియోలీ, జిల్ స్టెర్కెల్, చివరి వంతు బాబాషాఫ్. నలుగురూ కలిసి తూర్పు జర్మనీని ప్రపంచ రికార్డుతో ఓడించారు.

బెర్లిన్ గోడ కూలాక రహస్య పత్రాలు బయటపడ్డాయి. పిల్లలకి ప్రభుత్వ పథకంగా హార్మోన్ మాత్రలు మింగించారని రుజువైంది. ఆ దేశపు క్రీడాధికారి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కి 2000లో కోర్టులో శిక్ష పడింది. షర్లీ చెప్పింది నిజమని తేలడానికి ఇరవై ఏళ్లు పైన పట్టింది. అయితే మరోవైపు కూడా చూడాలి. గెలిచిన తూర్పు జర్మనీ పిల్లలు కూడా బాధితులే. ఏం మింగుతున్నారో వాళ్లకి చెప్పలేదు, అడిగే వీలూ లేదు. అడిగిన పిల్లకి అక్కడ మొండిదని పేరు వచ్చింది, అడగలేని పిల్లకి ఇక్కడ ఒళ్లు పాడైంది. ప్రశ్నకి చోటులేని ఆటలో గెలిచినవాళ్లూ క్షేమంగా బయటపడరు.

మన గడప దగ్గర

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోకండి. మన దగ్గర ఈతలో స్త్రీల రిలేకి ఇంకా అంత బలం రాలేదు గాని, పరుగులో వచ్చింది. గూడెం నుంచి అదే జాతీయ రహదారి మీద కాస్త ముందుకెళితే తణుకు. ఆ తణుకు పిల్ల దండి జ్యోతికశ్రీ, 2024 మేలో బహామాస్ దేశంలోని నసావ్‌లో రూపల్ చౌధరి, పూవమ్మ, శుభా వెంకటేశన్‌లతో కలిసి 4×400 రిలే 3 నిమిషాల 29.35 సెకన్లలో పరిగెత్తి పారిస్ ఒలింపిక్స్‌కి అర్హత సంపాదించింది. పారిస్‌లో కూడా పరిగెత్తింది. అక్కడ జట్టులో రూపల్ బదులు విత్యా రామ్‌రాజ్ ఉంది. హీట్‌లోనే వెనుదిరిగారు. ఆ మార్పు తప్పని నేను అనడం లేదు. అర్హత తెచ్చే నలుగురూ, అసలు పోటీలో దిగే నలుగురూ వేరు కావచ్చునన్నది రిలే స్వభావమని చెబుతున్నాను. 2025 మేలో కొరియాలోని గుమిలో ఆసియా పోటీల్లో స్వర్ణం తెచ్చిన రిలే జట్టులో మన రాష్ట్రపు ఆదివాసీ పిల్ల కుంజా రజిత ఉంది. మన పిల్లలు ఇప్పుడు ఆ నలుగురిలోకి వస్తున్నారు. కాబట్టి ఆ నలుగురిని ఎలా ఎంచుతారన్నది ఇప్పుడు మన ఇంటి సమస్య.

2022 కామన్వెల్త్ క్రీడలకి ముందు కేరళ పరుగుపిల్ల జిల్నాని 4×100 రిలే జట్టుకి ఎంపికచేసి, కోటాలో చోటు చాలలేదని తీసేసి, మరొకరు మందుల పరీక్షలో దొరికిపోయాక మళ్లీ పిలిచారు. చివరికి ఫైనల్లో దిగిన నలుగురిలో విశాఖపట్నం హర్డిల్స్ పిల్ల జ్యోతి యర్రాజి ఉంది. అయిదో స్థానం వచ్చింది. ఇలా రమ్మని, పొమ్మని, మళ్లీ రమ్మంటే ఒక పిల్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి.

2017లో మరో కేరళ పిల్ల పి.యు. చిత్ర భువనేశ్వర్‌లో ఆసియా పోటీల్లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచినా లండన్ ప్రపంచ పోటీల జట్టులో పేరు లేకపోయింది. హైకోర్టుకి వెళ్లింది. కోర్టు ఆ పిల్లని చేర్చమంది. కానీ అప్పటికి పేర్లు పంపే గడువు దాటిపోయిందని అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోలేదు. న్యాయం గెలిచింది, పిల్ల మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆలస్యంగా వచ్చే న్యాయం ఆటల్లో ఎందుకూ కొరగాదు.

ఇక నోరు సంగతి వస్తే, హైదరాబాద్ అమ్మాయి గుత్తా జ్వాల. అశ్వినీ పొన్నప్పతో కలిసి 2010 కామన్వెల్త్ స్వర్ణం, 2011 ప్రపంచ పోటీల కాంస్యం తెచ్చింది. 2013లో బ్యాడ్మింటన్ లీగ్ పెట్టినప్పుడు స్త్రీల డబుల్స్ పోటీనే ఎత్తేశారు. ఆ కారణం చూపించి వీళ్లిద్దరి కనీస ధర సగానికి తగ్గించారు. ముందు ఆడవాళ్ల పోటీ తీసెయ్యడం, తర్వాత ఆ పోటీ లేదు కాబట్టి మీ విలువ తక్కువనడం. ఆవిడ ఊరుకోలేదు, బాహాటంగా నిలదీసింది. ఆ లీగ్‌లోనే ఒక మ్యాచ్ దగ్గర జరిగిన గొడవ మీద క్రమశిక్షణ సంఘం జీవితకాల నిషేధం దాకా సిఫారసు చేసింది. 2013 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఆడనిమ్మని ఉత్తర్వు ఇచ్చింది. ఆవిడ ప్రతి మాటతోనూ మీరు ఏకీభవించక్కర్లేదు. కానీ శిక్ష కొలత చూడండి.

మగవాడు ఇదే అడిగితే "ఖచ్చితమైన మనిషి" అంటాం. ఆడపిల్ల అడిగితే పొగరు, తల బిరుసు, నోరు. భాషలోనే తీర్పు రాసిపెట్టి ఉంది. ఇంట్లో అన్నం తక్కువైందని అడిగిన కోడలికి ఏ పేరు పెడతామో, కూలి తక్కువైందని అడిగిన పనిమనిషికి ఏ పేరు పెడతామో, టైమ్ ఎంతని అడిగిన ఈతపిల్లకి కూడా అదే పేరు. లంక గ్రామపు వడ్డీల పిల్లో, దళిత పిల్లో అయితే ఆ పేరు ఇంకా తొందరగా అతుక్కుంటుంది. ఎందుకంటే ఆ పిల్ల తరఫున ఫోను చేసే పెద్దమనిషి ఉండడు. ఉన్నదల్లా ఆ పిల్ల నోరే.

మనమేం అడగాలి?

నా దగ్గర పెద్ద సిద్ధాంతాలు లేవు. అయిదారు చిన్న కోరికలున్నాయి. మండల స్థాయి నుంచీ అమలు చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఒకటి, ఎంపిక పద్ధతి పోటీకి ముందే రాసి గోడకి అంటించాలి. టైమ్‌ని బట్టా, మార్పు దగ్గర నేర్పుని బట్టా, అనుభవాన్ని బట్టా, దేనికెంత బరువో చెప్పాలి. రెండు, ఈదిన ప్రతి పిల్ల టైమూ అక్కడికక్కడే పైకి చదివి, రాసి పెట్టాలి. మూడు, టైమ్ బాగున్న పిల్లని పక్కనపెడితే కారణం కాగితం మీద ఇవ్వాలి. అంచనాయే కారణమైతే అదే రాయండి, సంతకం పెట్టండి. నాలుగు, అభ్యంతరం వినడానికి జట్టు బయల్దేరేలోపల ఒకరోజు వ్యవధి ఉండాలి. వినేవాళ్లు ఎంచినవాళ్లు కాకూడదు. అయిదు, ఎంపిక చేసేవాళ్లలో స్త్రీలుండాలి. ఆరు, అడిగిన పిల్లని తర్వాతి శిబిరానికి పిలవకపోతే ఎందుకు పిలవలేదో జవాబు చెప్పాలి.

చట్టాలు కొంత తోడున్నాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ క్రీడా సంస్థల దగ్గరున్న ఎంపిక కాగితాల నకళ్లు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల చట్టం క్రీడా సంస్థల్నీ, స్టేడియంలనీ, పోటీ జరిగే చోట్లనీ పనిచోటు కిందే లెక్కవేసింది. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఎంపిక అనేది ఒక్కరి చేతిలో రహస్యంగా ఉన్నచోట ఆ ఒక్కరు ఏమైనా అడగగలరు. గోడకి అంటించిన కాగితం ఆడపిల్లకి రక్షణ కూడా. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం, జాతీయ క్రీడా సమాఖ్యల కార్యవర్గాల్లో కనీసం నలుగురు స్త్రీలుండాలంది. వివాదాలకి ఒక ట్రిబ్యునల్ ఉండాలంది. చూశారా, అక్కడ కూడా నలుగురే! ఆ నలుగురూ అలంకారానికి కూర్చుంటారా, ఈ ప్రశ్న అడుగుతారా అన్నది మనం కనిపెట్టుకుని ఉండాలి. ఢిల్లీలో ట్రిబ్యునల్ కొల్లేటి పిల్లకి దూరం. ఆ పిల్ల పక్కన రేపు పొద్దున నిలబడగలిగినది మన సంఘమే.

కాబట్టి మన కార్యకర్తల్ని ఒకటి కోరుతున్నాను. మీ మండలంలో ఆటల ఎంపికలు జరిగే రోజు ఇద్దరు వెళ్లి గట్టు మీద కూర్చోండి. పోట్లాడక్కర్లేదు. నోటుపుస్తకంలో టైములు రాసుకోండి చాలు. చూసేవాళ్లున్నారని తెలిస్తే సగం తప్పులు జరగవు. టీచరమ్మలకి ఒకమాట: "సార్, టైమ్ ఎంత?" అని పిల్ల అడిగితే, పక్కన నిలబడి మీరూ ఆ ప్రశ్నే అడగండి. ఒక నోటిని ఎక్కువంటారు, నాలుగు నోళ్లని అనలేరు.

అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. అయినా మనింట్లో ఆడపిల్లకి మాత్రం అడక్కుండా ఉండటమే మంచితనమని నేర్పాం. "నలుగురూ ఏమనుకుంటారు" అని భయపెట్టి పెంచాం. ఆ నలుగురెవరో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఇంకో నలుగురి సంగతి మాట్లాడుకుందాం: దిమ్మ మీద వరసగా నిలబడి, ఒకరి వంతు అయ్యాక ఒకరు దూకే నలుగురు పిల్లలు.

నేను చెప్పిన ఆ కొల్లేటి అమ్మాయి ఇప్పుడు చేపల చెరువు దగ్గర లెక్కలు రాస్తోంది. ఈమధ్య కలిసినప్పుడు అడిగాను, ఇంకా ఆ సంగతి గుర్తుందా అని. "జట్టులో లేనందుకు బాధ పోయింది మేడమ్. కాగితం చూపించనందుకు పోలేదు" అంది.

ఆ కాగితం ఆ పిల్లకి ఇంకా బాకీ ఉంది.